ఏ పర్సనాలిటీ టెస్టు ఎవరికి? వచ్చిన ఫలితాన్ని ఎలా చదువుకోవాలి?

తిరుపతిలో ఇంటర్ పరీక్షలు ముగిసి ఎండలు ముదిరేసరికి ఇళ్లలో పర్సనాలిటీ టెస్టుల ప్రస్తావన మొదలవుతుంది. పిల్లవాణ్ణి ఇంజినీరింగుకే పంపాలా, వేరే దారి చూడాలా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు ఎవరో చెప్పిన టెస్టుకు డబ్బు కట్టి వస్తారు. ప్లేస్‌మెంట్ల కాలంలో డిగ్రీ, ఎంబీఏ విద్యార్థులు ఫోన్‌లో పది నిమిషాల టెస్టు రాసి, వచ్చిన నాలుగు అక్షరాలను బయోడేటాలో చేర్చుకుంటారు. రేణిగుంటలోనో శ్రీసిటీలోనో పనిచేసేవారికి ట్రైనింగ్ రోజున హెచ్‌ఆర్ విభాగం రంగుల చార్టు ఒకటి చేతిలో పెడుతుంది. అది ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఫ్రిజ్ తలుపు మీద ఉండి, ఆ తరువాత కనబడకుండా పోతుంది.

వీళ్లందరూ రాసినది ఒకే టెస్టు కాదు, వాళ్ల అవసరమూ ఒకటి కాదు. అయినా అన్నిటినీ ఒక్క పేరుతోనే పిలుస్తాం గనుక, ఒకదానికి ఉన్న విలువ మరోదానికి కూడా ఉందనుకుంటాం. నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. తన స్వభావాన్ని గురించి నిదానంగా ఆలోచించుకోవాలనుకునేవారికి, మనుషులను రకాలుగా విడగొట్టే టెస్టుల కన్నా ఒక్కో గుణం ఎంత పాళ్లలో ఉందో చూపే బిగ్ ఫైవ్ టెస్టు మేలు. చదువో ఉద్యోగమో ఎంచుకోవలసినవారికి స్వభావం కన్నా ఆసక్తులను అడిగే హాలండ్ టెస్టు ఎక్కువగా పనికివస్తుంది. నాలుగు అక్షరాల టెస్టు నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి బాగుంటుంది, నిర్ణయాలకు బాగుండదు.

నాలుగు అక్షరాలు ఎక్కడివి

మన పిల్లలు ఐఎన్‌ఎఫ్‌జే, ఈఎస్‌టీపీ అని చెప్పుకునే అక్షరాలు ఎంబీటీఐ (మైయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్) అనే టెస్టువి. స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన గ్రంథంలోని ఆలోచనలను ఆధారం చేసుకుని, అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ దీనిని తయారుచేశారు. తల్లీకూతుళ్లిద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇసబెల్ ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు; 1962లో మొదటి మాన్యువల్ అచ్చయింది. నలుగురిలో ఉంటే శక్తి వస్తుందా, ఏకాంతంలోనా. కళ్లకు కనిపించే వివరాలను నమ్ముతారా, వాటి వెనుక ఉన్న పోలికలను నమ్ముతారా. తర్కంతో తేలుస్తారా, మనసుతో తేలుస్తారా. ముందే ఏర్పాటు చేసుకుంటారా, అప్పటికప్పుడు చూసుకుంటారా అని నాలుగు జంటలు పెట్టి, ఒక్కో జంటలో ఒక అక్షరాన్ని ఇస్తుంది. మొత్తం పదహారు రకాలు.

దీనిలో చిక్కంతా జంటలోని రెండు అక్షరాలను విడదీసే మధ్య గీత దగ్గర ఉంది. అన్నదమ్ముల పిల్లలు ఇద్దరున్నారనుకుందాం. ఒకరికి బహిర్ముఖత, అంటే నలుగురిలో కలిసే గుణం, 49, ఇంకొకరికి 51 వచ్చింది. వాళ్లిద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ ఒకరు ఇంట్రావర్టు, మరొకరు ఎక్స్‌ట్రావర్టు అయిపోతారు. అదే సమయంలో 51 వచ్చిన పిల్లవాడికీ, పెళ్లిపందిట్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లో వంటవాళ్ల ఊరు, పేర్లు కూడా తెలుసుకునే 95 వాడికీ ఒకే అక్షరం పడుతుంది. ఏ గుణంలో చూసినా జనంలో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు గనుక, గీతకు అటూఇటూ దగ్గరగా ఉండేవాళ్లే ఎక్కువ. ఆ రోజు నిద్ర చాలకపోయినా, ముందురోజు ఎవరితోనో మాటామాటా వచ్చినా అక్షరం మారిపోతుంది. ఐదు వారాల తరువాత మళ్లీ రాయిస్తే సగం మంది దాకా వేరే రకంలోకి మారుతున్నారని మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ పిట్టెంజర్ 1993లో తన సమీక్షలో ఎత్తిచూపారు. ఈ టెస్టును ఉద్యోగాల ఎంపికకు వాడరాదని దానిని అమ్మే సంస్థే చెబుతోంది. కనుక ఆ అక్షరాలను బయోడేటాలో పెట్టుకోవడం వలన ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించాలి. మనవాళ్లు ఫోన్‌లో ఉచితంగా రాసేది సాధారణంగా ఎంబీటీఐ కాదు. అసలు ఎంబీటీఐకి వేల రూపాయల్లో ఖర్చవుతుంది. ఉచితంగా దొరికే సిక్స్‌టీన్ పర్సనాలిటీస్ అనే వెబ్‌సైటు వేరు. అది అవే అక్షరాలు వాడుకుంటూ, చివర ఏ లేదా టీ అనే ఐదో అక్షరాన్ని చేర్చి, లోపల మాత్రం గుణాల కొలత పద్ధతిని అనుసరిస్తుంది. దానిని ఇప్పటికే రాసి ఉంటే, అందమైన బొమ్మతో ఇచ్చిన బిరుదును పక్కన పెట్టి, కింద చిన్నగా ఇచ్చిన శాతాలను చూడండి. 52 శాతం, 55 శాతం అని ఉన్నచోట ఆ అక్షరం లేదనే భావించండి. 85, 90 ఉన్నచోట మాత్రం కాస్త ఆగి ఆలోచించవలసిన సంగతి ఉండవచ్చు.

ఇంతమాత్రాన దీనిని తీసిపారేయనవసరం లేదు. కొత్తగా పెళ్లయిన దంపతులు గానీ, ఒకే గదిలో ఉండే హాస్టల్ విద్యార్థినులు గానీ, "నాకు ముందుగా చెబితే మనసు కుదుటపడుతుంది, అప్పటికప్పుడు బయలుదేరమంటే చిరాకు వస్తుంది" అనే మాటను తగువు లేకుండా చెప్పుకోవడానికి ఈ అక్షరాలు ఒక సాకుగా ఉపయోగపడతాయి. మన ఇళ్లలో అలాంటి మాట నేరుగా చెబితే పెంకితనం కింద జమకడతారు. టెస్టు చెప్పిందంటే నవ్వుతూ వింటారు. అంతవరకు మంచిదే.

ఐదు కొలతల టెస్టు

బిగ్ ఫైవ్ పుట్టుక దీనికి పూర్తిగా భిన్నం. దాని వెనుక ఏ ఒక్క మహనీయుడి సిద్ధాంతమూ లేదు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువును ముందేసుకుని, మనిషికీ మనిషికీ తేడా చెప్పే మాటలను ఏరితే సుమారు 18,000 తేలాయి. ఆ తరువాత పరిశోధకులు అలాంటి మాటలతో ఎందరెందరినో అంచనా వేయించి, ఏ మాటలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయో లెక్కగట్టారు. ఎవరు లెక్కవేసినా ఇంచుమించు ఐదు గుంపులే పైకి వస్తూండడంతో, లూయిస్ గోల్డ్‌బర్గ్ 1981లో వాటికి బిగ్ ఫైవ్ అనే పేరు పెట్టారు. పాల్ కోస్టా, రాబర్ట్ మెక్రే 1985లో దీని మీద వివరమైన టెస్టును వెలువరించారు.

కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, బహిర్ముఖత, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం, మానసిక కలత పడే స్వభావం: ఇవి ఆ ఐదు. ప్రతి ఒక్కరిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లలోనే తేడా. గోల్డ్‌బర్గ్ మొదలుపెట్టిన ఐపిప్ అనే ప్రశ్నల భాండాగారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులోంచి తయారైన 120 ప్రశ్నల టెస్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రాయడానికి ఇరవై నిమిషాల లోపే పడుతుంది. 300 ప్రశ్నలది కూడా ఉంది గానీ, రెండు వందలు దాటాక ఓపిక నశించి వేలు ఎటు పడితే అటు నొక్కుతుంది. పది ప్రశ్నల టెస్టు పరిశోధకుల సౌకర్యం కోసం పుట్టింది, మనిషి తన గురించి తాను ఆలోచించుకోవడానికి అది చాలదు. నేను సలహా ఇచ్చేది 120 ప్రశ్నలదే. దానికి ముఖ్యకారణం, అది ఐదు గుణాలతో ఆగకుండా ఒక్కోదాన్ని ఆరు పాయలుగా విడదీసి, మొత్తం ముప్ఫై స్కోర్లు ఇస్తుంది.

ఆ పాయల విలువ ఏమిటో మా బావ విషయంలో చూశాను. ఆయనది చిత్తూరులో మామిడికాయల మండీ వ్యాపారం. జూన్, జూలై నెలల్లో తోతాపురి దిగినప్పుడు తెల్లవారుజాము నుంచి ట్రాక్టర్ల వరుస ముందు నిలబడి, రైతులతో, పల్ప్ ఫ్యాక్టరీ వాళ్లతో, హమాలీలతో గొంతు పోయేదాకా మాట్లాడతారు. టెస్టులో ఆయన బహిర్ముఖత స్కోరు సరిగ్గా నడిమధ్యన వచ్చింది. అది చూసి, ఇదేం టెస్టు అని ఆయన నవ్వారు. పాయలు తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. మాట నెగ్గించుకోవడం, చురుకుగా కదలడం అనే రెండు స్కోర్లు చాలా పైన ఉన్నాయి. జనంలో ఉండడాన్ని ఇష్టపడడం, వినోదాల కోసం వెతుక్కోవడం అనేవి బాగా అడుగున ఉన్నాయి. రెండూ కలిపి సగటు తీస్తే నడిమి అంకె వచ్చింది. మా అక్క ఆ కాగితం చూసి, "మాటలన్నీ మండీలోనే అమ్మేసి ఇంటికొస్తాడురా మీ బావ" అన్నది. నాలుగు అక్షరాల టెస్టు అయితే ఆయనకు ఎక్స్‌ట్రావర్టు అనో ఇంట్రావర్టు అనో ఒక ముద్ర వేసి వదిలేసేది. ఏది వేసినా సగం మనిషిని మాత్రమే పట్టుకునేది. సాయంత్రాలు పెళ్లిళ్లకూ పేరంటాలకూ రమ్మంటే ఆయన ఎందుకు ముఖం మాడ్చుకుంటారో ఇంటివాళ్లకు ఈ పాయలే చెప్పగలిగాయి.

కొన్ని సైట్లలో స్కోరు పర్సంటైల్‌లో వస్తుంది. జేఈఈ పుణ్యమా అని పర్సంటైల్ అంటే ఏమిటో మన ఇళ్లలో విడమరచి చెప్పనవసరం లేదు: 70 వచ్చిందంటే నూటికి డెబ్బై మార్కులు కాదు, రాసినవారిలో నూటికి డెబ్బైమంది మీకన్నా వెనుక ఉన్నారని అర్థం. వెంటనే పుట్టవలసిన ప్రశ్న ఒకటుంది: రాసినవారంటే ఎవరు? ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో, తీరిక చేసుకుని రాసినవాళ్లు. వారిలో పీలేరు పాల వ్యాపారి గానీ, పుత్తూరు నేతగాడు గానీ ఎందరుంటారు? కనుక అంకెను అంకెగా పట్టుకోవడం కన్నా, మీ ఐదు గుణాలలో, ముప్ఫై పాయలలో ఏవి మిగతావాటికన్నా ఎత్తుగా ఉన్నాయి, ఏవి పల్లంలో ఉన్నాయి అని చూసుకోవడం క్షేమం.

ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు కూడా మనం మనసులో ఎవరితోనో పోల్చుకునే జవాబిస్తాం. వస్తువులను తీసినచోట తిరిగి పెట్టడం మర్చిపోతుంటాను అనే వాక్యం ఒకటి ఈ టెస్టుల్లో వస్తుంది. తల్లి వెనకాలే వచ్చి అన్నీ సర్దిపెట్టే ఇంట్లో పెరిగిన కుర్రవాడికి తాను మర్చిపోతున్నానన్న సంగతే తెలియదు. నిబ్బరంగా "కాదు" అని నొక్కుతాడు. నలుగురున్న హాస్టల్ గదిలో ఒకే బల్ల మీద పుస్తకాలు, టిఫిన్ డబ్బా, ఛార్జర్ సర్దుకుంటున్న అమ్మాయి, పొద్దున ఒక్కసారి ఛార్జర్ కనబడకపోయిందని గుర్తుచేసుకుని "అవును" అంటుంది. క్రమశిక్షణ స్కోరు అబ్బాయికే ఎక్కువ వస్తుంది. ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉంటాననిపించేవారు ముందుగానే ఒక నిర్ణయం తీసుకుని, ఉదాహరణకు "గత ఏడాదిలో కాలేజీలో నేను" అని మనసులో పెట్టుకుని, 120 ప్రశ్నలకూ ఆ మనిషిగానే జవాబివ్వాలి.

ఐదో గుణం దగ్గర చాలామంది జడుసుకుంటారు. మానసిక కలత స్కోరు ఎక్కువ వస్తే తనకేదో జబ్బుందని భయపడతారు. అది జబ్బును కొలిచే టెస్టు కాదు. భయం, దిగులు, కోపం త్వరగా తగిలే స్వభావం ఇతరులకన్నా కొంచెం ఎక్కువని మాత్రమే దాని అర్థం. అలాగే సర్దుకుపోయే గుణం తక్కువ వస్తే చెడ్డవారనీ కాదు. ఆడిటర్‌కు, నాణ్యత తనిఖీ చేసే ఇంజినీరుకు, బేరమాడవలసిన వ్యాపారికి అది కాస్త తక్కువగా ఉండడమే మంచిది. ఉద్యోగాల విషయంలో నమ్మకంగా చెప్పదగినది ఒక్క క్రమశిక్షణ గుణం గురించే: ముర్రే బ్యారిక్, మైకేల్ మౌంట్ అనే పరిశోధకులు 1991లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, అన్ని రకాల ఉద్యోగాలలోనూ పనితీరుతో సంబంధం కనబరచింది ఆ గుణమే. అయితే ఆ సంబంధం కూడా ఓ మోస్తరుదే తప్ప జాతకం చెప్పగలిగినంతటిది కాదు. పైగా ఇరవైల నుంచి నలభైలలోకి వచ్చేసరికి సగటు మనిషిలో క్రమశిక్షణా, సర్దుకుపోయే గుణమూ పెరుగుతాయని దీర్ఘకాల అధ్యయనాలు చూపాయి. పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చిన స్కోరును శాశ్వతమనుకోనవసరం లేదు.

ఐదింటికి తోడు నిజాయితీ, వినమ్రత అనే ఆరో గుణాన్ని చేర్చిన టెస్టు హెక్సాకో. మైకేల్ ఆష్టన్, కిబియోమ్ లీ దీనిని 2000 తరువాతి సంవత్సరాలలో రూపొందించారు. ఇదీ ఉచితంగానే రాసుకోవచ్చు. భాగస్వామ్య వ్యాపారం మొదలుపెట్టబోతూ, డబ్బు దగ్గర, పేరు దగ్గర తన పట్టు ఎలాంటిదో నిజంగా తెలుసుకోదలచినవారికి బిగ్ ఫైవ్ కన్నా ఇది మేలైనది. భాగస్వామి చేత రాయించి చూద్దామనుకుంటే మాత్రం ప్రయోజనం లేదు. కాణిపాకం కోనేటిలో మునిగి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసేవాడికి అబద్ధమాడడానికి గుండె ఆగుతుంది. ఆన్‌లైన్ ఫారం ముందు అలాంటి జంకు ఎవరికీ ఉండదు.

ఇంటర్ తరువాత ఏమిటనే ప్రశ్నకు

"మావాడు ఇంట్రావర్టంట సార్, సాఫ్ట్‌వేర్‌కే సరిపోతాడంట" అని ఈ మధ్య ఒక తండ్రి నాతో అన్నారు. స్వభావం నుంచి నేరుగా ఉద్యోగానికి గెంతడం సరికాదు. మాట తక్కువైనవాళ్లు పాఠాలు గొప్పగా చెబుతారు, మాటకారులు కోడ్ చక్కగా రాస్తారు. ఈ ప్రశ్నకు అడగవలసిన టెస్టు వేరే ఉంది. జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం పనులను ఆరు విధాలుగా చూడవచ్చు: చేతులతో, పనిముట్లతో చేసేవి; శోధించి తెలుసుకునేవి; కళతో కూడినవి; మనుషులకు సాయపడేవి, నేర్పేవి; ఒప్పించి నడిపించేవి; లెక్కలు, దస్త్రాలు క్రమంగా చూసుకునేవి. అమెరికా కార్మిక శాఖ వారి ఓనెట్ సైటులో 60 ప్రశ్నల ఉచిత టెస్టు ఉంది. "ఈ పని చేయడం నీకు ఇష్టమేనా" అని మాత్రమే అడుగుతుంది గనుక, పదహారేళ్ల పిల్లలకు తమ స్వభావాన్ని తూచుకోవడం కన్నా ఇది తేలిక, జవాబు కూడా నికరంగా వస్తుంది.

చివర చూపే ఉద్యోగాల జాబితా అమెరికాది, దానిని వదిలేయండి. పైన వచ్చిన రెండు మూడు విధాలను మాత్రం తీసుకుని మన ఊరిని చూడండి. చేతిపని, కళ రెండూ పైన వచ్చిన పిల్లవాడి గురించి మనకు వెంటనే ఏమీ తోచదు, ఎందుకంటే ఎంపీసీ, బైపీసీ అనే రెండు డబ్బాల్లోనే ఆలోచిస్తాం. కానీ ఆలయ శిల్పకళను నేర్పే సంస్థను టీటీడీ ఇదే తిరుపతిలో నడుపుతోంది. రాయి, సుధ, లోహం, కొయ్య ఏది చేతికి అబ్బితే అందులో శిక్షణ పొందవచ్చు. శోధన, చేతిపని కలిసి వస్తే వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. శోధన ఒక్కటే కొండంత ఎత్తున నిలబడితే, ఏర్పేడు దగ్గరున్న సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌ను ఐఐటీ తరువాతి మెట్టుగా కాక మొదటి కోరికగా పరిశీలించవచ్చు. సాయం చేసే గుణం పైన వచ్చిన పిల్లలను, మార్కులు వచ్చాయి కదా అని కంప్యూటర్ సైన్సులో వేసేవారు ఒక్క క్షణం ఆగాలి. ఈ టెస్టు చెప్పేది ఇష్టం గురించే, సామర్థ్యం గురించి కాదు. మార్కులు, ఇంటి ఆర్థిక స్థితి, సీటు దొరికే అవకాశం అనేవి దానికి తెలియవు. వాటిని కలపవలసింది మనమే.

ఇదే వయసు పిల్లలకు వేలిముద్రలు స్కాన్ చేసి తెలివితేటలు, స్వభావం, తగిన కోర్సు అన్నీ ఒకే రిపోర్టులో ఇస్తామనేవారు కూడా తారసపడతారు. డీఎంఐటీ అంటారు. వేలి మీద గీతలకూ స్వభావానికీ సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ డబ్బుతో పిల్లవాడికి మంచి బూట్లు కొనిపెట్టడం మేలు.

రంగులు, తొమ్మిది కోణాలు

ఆఫీసు ట్రైనింగుల్లో కనిపించే మనుషుల తీరును నాలుగు రకాలుగా, తరచు నాలుగు రంగులుగా చూపే డిస్క్ టెస్టుకు మూలం విలియం మార్స్‌టన్ 1928లో రాసిన గ్రంథం. తరువాత వండర్ వుమన్ బొమ్మల కథలను సృష్టించిన మార్స్‌టన్ ఈయనే. నలుగురు సహోద్యోగులు ఒకరి పని తీరును ఒకరు నొప్పించకుండా చెప్పుకోవడానికి అది ఒక పూట బాగుంటుంది. దాని ఆధారంగా ప్రమోషన్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. తొమ్మిది రకాల ఎనియాగ్రామ్ మనిషి చేసే పనిని కాక, దాని వెనుక ఉన్న భయాన్ని, కోరికను అడుగుతుంది. కొలతగా దాని బలం తక్కువే. కానీ డైరీ రాసే అలవాటున్నవారికి అది లేవనెత్తే ప్రశ్నలు ఆలోచనకు మంచి సరుకు. దానిని టెస్టుగా కాక ప్రశ్నల పుస్తకంగా వాడుకోవచ్చు.

అక్షరాలా నేనే అనిపించినప్పుడు

ఏ టెస్టు రాసినా, రిపోర్టు చదవగానే ఒళ్లు జలదరించి "అచ్చం నా గురించే రాసినట్టుంది" అనిపిస్తే, అది టెస్టు గొప్పతనానికి రుజువు కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థుల చేత టెస్టు రాయించి, తరువాత ఎవరికి వారికి విడివిడిగా విశ్లేషణ ఇచ్చాడు. ఎంతవరకు సరిపోయిందో ఐదుకు అంకె వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చినది ఒకే కాగితం. అందులోని వాక్యాలను ఆయన ఎక్కువగా జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరాడు. "మీలో ఇంకా వాడుకోని శక్తి ఎంతో ఉంది", "పైకి ధైర్యంగా కనబడినా లోలోపల సందేహపడతారు" వంటి ధోరణిలో రాసిన మాటలకు తలూపనివారు ఉండరు. ఆదివారం రాశిఫలాలు చదివే అలవాటున్న మనకు ఈ సంగతి కొత్తేమీ కాదు. టెస్టు దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషూ, గ్రాఫులూ ఉండడం వలన దానిని మరిచిపోతాం.

దీనికి ఒక తేలిక విరుగుడుంది. మీకు వచ్చిన వివరణతో పాటు, మీకు రాని ఇంకో రెండు రకాల వివరణలను కూడా తీసుకుని, పేర్లు కొట్టివేసి, మిమ్మల్ని బాగా ఎరిగిన మనిషి చేతికి ఇవ్వండి. అక్క, భార్య, హాస్టల్‌లో రెండేళ్లు కలిసి ఉన్న స్నేహితురాలు ఎవరైనా సరే. మూడింటిలో మీది ఏదో వాళ్లు గుర్తుపట్టలేకపోతే ఆ వివరణలో మీ గురించి ఏమీ లేదన్నమాట. బిగ్ ఫైవ్ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేయవచ్చు: అవే 120 ప్రశ్నలకు మీ గురించి వాళ్ల చేత జవాబులు పెట్టించి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. లోపలి ఆందోళన, దిగులు వంటి వాటిలో మన జవాబే ఎక్కువ నిజమనీ, తెలివి, సృజన వంటి మెప్పుకోలు గుణాలలో పక్కవాళ్ల జవాబు ఎక్కువ నిజమనీ మనస్తత్వశాస్త్రవేత్త సిమిన్ వజీర్ 2010లో ప్రచురించిన పరిశోధన చూపింది. రెండు కాగితాలు కలిసినచోట మీకు కొత్తగా తెలిసేది తక్కువ. విడిపోయినచోటనే కూర్చోవాలి. మీరు మీ ఓపికకు పైన అంకె వేసుకుని, ఇంట్లోవాళ్లు అడుగున వేస్తే, ఎవరు తప్పో తేల్చడం కన్నా ఏ ఏ సందర్భాలను తలచుకుని వాళ్లు ఆ అంకె వేశారో అడగడం లాభం. ఆ రెండు మూడు సందర్భాలు టెస్టు ఇచ్చే రిపోర్టు మొత్తం కన్నా ఎక్కువ చెబుతాయి. ఇంట్లో పెద్దవాళ్లను ఇలా అడిగేముందు, వాళ్లు చెప్పేదానికి ఎదురు చెప్పబోమని మనకు మనం మాట ఇచ్చుకోవాలి. లేకపోతే మరుసటిసారి వాళ్లు అన్నీ మంచి అంకెలే వేస్తారు.

ఫలితం వచ్చిన కాగితం మీద తేదీ, అప్పటి పరిస్థితి ఒక్క ముక్కలో రాసి ఉంచడం మంచి అలవాటు. "సెమిస్టర్ పరీక్షల ముందు", "నాన్నకు ఆపరేషన్ అయిన నెల" అని ఉంటే, రెండేళ్ల తరువాత మళ్లీ రాసినప్పుడు మారింది స్వభావమా, పరిస్థితా అన్నది కొంతవరకైనా తెలుస్తుంది.

టెస్టు ఎంచుకోకూడని సందర్భం

వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, దేనిమీదా మనసు నిలవక ఇబ్బంది పడుతున్న మనిషి తనకు ఏమైందో తెలుసుకోవడానికి పర్సనాలిటీ టెస్టుల దగ్గరికి వెళ్లడం నేను చూస్తున్నాను. పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా ఆ పనికి పుట్టలేదు. ఎంఎంపీఐ అనే టెస్టు 1943 నుంచి వైద్యరంగంలో వాడుకలో ఉంది గానీ, దానిని శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు పెట్టాలి, చదవాలి. ఆన్‌లైన్‌లో దొరికే నకళ్లతో ఏమీ తేలదు. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. దాని నంబరు అడగడంలో మొహమాటం అక్కరలేదు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేనివారు, ఎవరికీ తెలియకూడదనుకునేవారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి రుసుమేమీ లేదు.